పిల్లలెంతమంది

మే 6, శనివారం

మా అమ్మాయి లూపే లెక్కల నోటుబుక్కులో వెనక సగం ఖాళీగా ఉంది. దానికి అక్కర్లేదంది. ఇకనుంచి ఇది నాది, కలోది.

మా ఆయన ఫేలెటి ఆస్ట్రేలియాలో నారింజలు కోస్తున్నాడు. ఇంకా ఆరు నెలలు కోస్తాడు. ఫోనులో అన్నీ చెప్పుకోలేం. వాళ్ల గదిలో ఎనిమిది మంది మగాళ్లు, అందరూ మన టోంగా వాళ్లే, చెవులు రిక్కించుకుని వింటారు. ఇక్కడ చాపలల్లే ఆడవాళ్లకి చెబితే సాయంత్రానికి చర్చి వరండాలో ఉంటుంది. అందుకని రాసుకుంటున్నాను.

అమెరికా వీసా లాటరీ ఫలితాలు మనకి రేపు తెల్లారేసరికి వస్తాయట. రేపు ఆదివారం, దేవుడి రోజు. చూడకూడదు. ఆ సంగతి అమెరికావాళ్లకి ఎవరు చెబుతారు?

మే 8, సోమవారం

తగిలింది.

మే 8, మళ్లీ

హెనెలీ ఇంటర్నెట్ షాపులో చూపించుకున్నాను. వాడు నంబరు కొట్టి, తెర చదివి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "అక్కా, నువ్వే! నీ పేరే!" అని అరిచాడు. తగిలిన ప్రతివాళ్లకీ వీసా రాదట, పెద్ద నంబరైతే వంతు వచ్చేలోగా ఏడాది గడిచిపోతుందట. మాది చిన్న నంబరు. "కాయితాలు సరిగ్గా ఉంటే నీకు వచ్చేసినట్టే" అన్నాడు.

ఫేలెటికి ఫోను చేశాను. "నలుగురికీనా?" అన్నాడు.

"నలుగురికీ. నువ్వు, నేను, లూపే, సేలా."

"అయితే ఇంక నారింజల్లేవు."

ఏడేళ్లుగా ఆయన ఏడాదికి అయిదు నెలలే ఇంట్లో ఉంటున్నాడు. సేలా చిన్నప్పుడు ఫోనునే నాన్న అనేది. అమెరికాలో, ఉటా రాష్ట్రంలో ఆయన చిన్నాన్న కొడుకు ఉన్నాడు, పని చూపిస్తానన్నాడు. నలుగురం ఒక కప్పు కింద ఉంటాం. దేవుణ్ణి ఇంకేమీ అడగను.

మే 9

పొద్దున్నే వదిన ఇంటికి వెళ్లాను. ఏ సంగతైనా ముందు ఆమెకి తెలియాలి, ఫేలెటికి అక్క కాబట్టి. పెద్ద పెండలం దుంప తీసుకెళ్లాను. ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసింది, ఆ తర్వాతే నవ్వింది.

లోసా గుమ్మంలో కూర్చుని చాపకి మొగలాకు చీరుతోంది. "అత్తయ్యా, అక్కడ కూడా మర్యాదకని నడుముకి చాప చుట్టుకుని తిరుగుతావా? మంచులో జారి పడితే చాప మీద పడతావులే, దెబ్బ తగలదు" అంది. వదిన "నోర్ముయ్" అంది కానీ తనూ నవ్వింది.

లోసా వదిన కూతురు. పద్నాలుగేళ్లు. ఇదంతా ఎవరికి చెబుతున్నాను?

మే 21, ఆదివారం

చర్చిలో లోసా ఒక్కతే పాడింది. గొంతు పైకి లేచినప్పుడు నా చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి. నా పక్కన ముసలి ఫతాయి నా వైపు వంగి, "ఆ గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో ఊళ్లో ఎవరికి తెలీదు గనక?" అంది. నేను పాటల పుస్తకంలోకి చూశాను. నేను చర్చిలో పాడడం మానేసి చాలా ఏళ్లయింది. గొంతు బాగోలేక.

జూన్ 3, శనివారం

రెండో ఫారం పెద్దది. హెనెలీ చదువుతూ నింపుతున్నాడు. నా పేరు, నా పుట్టిన ఊరు, మా పెళ్లి తేదీ. తర్వాత పిల్లల పేజీ వచ్చింది. చదివాడు. నా ముఖం చూశాడు. మళ్లీ చదివాడు.

తలనొప్పిగా ఉందని చెప్పి వచ్చేశాను.

జూన్ 4

ఆదివారం. ఏమీ రాయను.

జూన్ 5

రాస్తాను. ఎవరు చదవొచ్చారు గనక?

కన్న పిల్లలందరి పేర్లూ రాయాలట. నీ దగ్గరున్నా, లేకపోయినా. ఎవరికి ఇచ్చేసినా. కిందటి అక్టోబరులో వేసిన మొదటి ఫారంలోనే రాసి ఉండాలట. అప్పుడు రాయకపోతే ఇప్పుడు కలపడానికి లేదు, కలిపితే మొత్తం కుటుంబానికి వీసా రాదు.

లోసాని కన్నది నేను. అప్పుడు నాకు ఇరవై. ఆస్పత్రి నుంచి వచ్చిన అయిదో రోజు వదిన వచ్చింది. ఆమెకి పిల్లల్లేరు. ఏమీ అడగలేదు. తన పెళ్లికి పెట్టిన సన్న చాప తెచ్చి నా మంచం పక్కన పరిచింది. మేనత్త చాప పరిచాక ఇంక మాటలుండవు. మా ఇళ్లలో ఆమె మాటకి ఎదురు చెప్పేవాళ్లు లేరు. తమ్ముడైతే అక్క ఉన్న గదిలోకి కూడా రాకూడదు, ఫేలెటి బయట వేలికి చుట్ట కాలేదాకా నిలబడ్డాడు. పాపని ఆ చాప మీద పెట్టాను. నేనే పెట్టాను. ఎవరూ నా చేతుల్లోంచి లాక్కోలేదు. పదకొండు రోజులు పాలు కారాయి, ఆ తర్వాత ఆగిపోయాయి.

పెంపుకివ్వడం మాకు కొత్తేమీ కాదు. మా అమ్మా పెంపుడు పిల్లే. దీనికి ఎవరూ ఏడవరు, ఎవరూ దాచరు. లోసాకీ తెలుసు. తెలిసినదాన్ని నోటితో అనరు, అంతే. పిల్లలెంతమంది అని ఎవరడిగినా ఇద్దరంటాను. అబద్ధం కాదు. మా మాటల్లో నీ పిల్లలంటే నీ చాప మీద పడుకునేవాళ్లు. అక్టోబరులో హెనెలీ "పిల్లలెంతమందక్కా?" అంటే, ఇద్దరన్నాను. ఆలోచించనేలేదు.

ఆలోచించలేదా?

ఆలోచించలేదు.

జూన్ 7

ఫేలెటి ఫోను. తోటలోకి నడిచి వెళ్లి మాట్లాడాడు, గాలి చప్పుడు వినిపిస్తోంది.

"మూడో పిల్లేమిటి? అక్క పిల్ల అక్క పిల్లే."

"పుట్టిన కాయితంలో నా పేరుంది ఫేలెటి. నీ పేరూ ఉంది."

"ఆ కాయితాన్ని ఎవరు చూస్తారు? లూపేదీ సేలాదీ పట్టుకెళ్తాం. మనం ముగ్గురన్నామంటే అక్కకి ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కున్నట్టు. నేనామెకి ఏం ముఖం చూపించను?"

"నువ్వెప్పుడూ ఆమెకి ముఖం చూపించవుగా, చూపించకూడదుగా."

నవ్వలేదు. నవ్వుతాడనుకున్నాను. "నువ్వెళ్లి అక్కని అడుగు" అన్నాడు.

జూన్ 10

వదిన చెట్టు బెరడుతో చేసిన గుడ్డ మీద రంగు వేస్తోంది. లోసాని దుకాణానికి పంపించాక చెప్పాను, ఫారంలో ఏముందో, లోసా పేరు రాయనందువల్ల ఏమవుతుందో.

"ఇద్దరే కదా. ఇందులో నన్నడగడానికేముంది?"

"కన్నవాళ్లందర్నీ చెప్పమంటున్నారు వదినా."

"కన్నవాళ్లని ఎవరైనా కంటారు. జ్వరమొస్తే పద్నాలుగేళ్లు పక్కన కూర్చున్నదెవరు? ఆ తెల్లవాళ్ల ఫారంలో దానికి గడి ఉందా?"

"లేదండీ."

"మరి అది ఫారం తప్పు." కుంచె ముంచింది, గీత గీసింది. తల ఎత్తకుండా, "నువ్వు ముగ్గురన్నావనుకో కలో, నేను పరిచిన చాప నా ముఖాన కొట్టినట్టే" అంది.

"అయ్యో, అననులెండి."

ఆమె చెప్పింది న్యాయమే. ఇద్దరంటే ఆమెకి మర్యాద, నాకు వీసా, ఫేలెటికి ఇల్లు. ఎవరికీ నష్టం లేదు.

జూన్ 12

హెనెలీతో చెప్పాను. "ఇద్దరు" అన్నాను. అదే టైపు చేశాడు. వాడు చర్చిలో నా వెనక వరసలోనే కూర్చుంటాడు, అన్నీ తెలుసు. ఫారం పంపించేశాక, "అక్కా, అక్కడ కుడి చెయ్యెత్తించి ప్రమాణం చేయిస్తారట, ముందే తెలుసుకుని వెళ్లు" అన్నాడు.

జూన్ 13

నాకే ఇబ్బందీ లేదు.

జూలై 30

సేలా అడిగింది, లోసా మనతో వస్తుందా అని. రాదన్నాను. ఎందుకు రాదంది. వాళ్లమ్మ ఇక్కడ ఉంది కదా అన్నాను. ఎనిమిదేళ్ల పిల్ల. నన్నే చూస్తూ నిలబడింది. "ఓహో" అంది. ఆ పిల్ల ‘ఓహో’ రోజంతా చెవిలో ఉంది.

సెప్టెంబరు 17

పాస్టరుగారిని అడిగాను, ఒకావిడకి ఇలా జరిగిందట అని. "ప్రమాణం మీద ఆవిడ నిజమే చెప్పాలి" అన్నారు. "ఏది నిజమండీ?" అన్నాను. ఆయన గడ్డం గోక్కుని, "ఆవిడకి తెలుస్తుందిలే" అన్నారు. అలా చెప్పడానికి పాస్టరెందుకు?

నవంబరు 11

ఫేలెటి వచ్చాడు. నల్లబడ్డాడు, సన్నబడ్డాడు. సేలా రెండు రోజులు సిగ్గుపడి ఆయన దగ్గరికి వెళ్లలేదు. మూడో రోజు ఆయన భుజమ్మీంచి దిగలేదు. ఇంకోసారి ఆయన్ని, కూలీల్ని ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్లే ఆ వ్యాను ఎక్కనివ్వను.

జనవరి 15

ఉత్తరం వచ్చింది. వీసా ఇంటర్వ్యూ ఫిబ్రవరి 20, ఫిజీలోని సువాలో, ఉదయం ఎనిమిదిన్నర. టిక్కెట్లకి ఆవు పోయింది, రెండు పందులు పోయాయి. పోనీ.

ఫిబ్రవరి 15, సువా

ఫిజీలో మా చర్చివాళ్లింట్లో దిగాం. ఇక్కడ అంతా తడి. డాక్టరు పరీక్షలు చేశారు. మంచి ఆవిడ, చేతులు వెచ్చగా ఉన్నాయి. కాయితం చూస్తూ, "కాన్పులెన్నమ్మా?" అంది.

"రెండు."

ఎంత తేలిగ్గా వచ్చిందో మాట. తేనె రాసినట్టు. డాక్టరు దగ్గర ప్రమాణమేమీ చెయ్యలేదుగా.

ఫిబ్రవరి 19

రేపే. ఫేలెటి నా చేత నాలుగుసార్లు చెప్పించాడు. నీ పేరు. నీ పుట్టిన తేదీ. పెళ్లెప్పుడయింది. పిల్లలెంతమంది. నాలుగుసార్లూ సరిగ్గా చెప్పాను. పిల్లలకి తెల్లగౌన్లు ఇస్త్రీ చేశాను.

ఫిబ్రవరి 20

చెప్పడానికేముంది.

ఫిబ్రవరి 22

ఇప్పుడు రాయగలను.

అద్దం వెనక ఒక అమ్మాయి. ముప్పై ఏళ్లుండవు. తల చక్కగా దువ్వుకుంది. నలుగురం నిలబడ్డాం, నడుములకి చాపలు కట్టుకుని, ఆదివారం చర్చికి వెళ్లినట్టు. కుడి చేతులెత్తమంది. ఫేలెటి ఎత్తాడు, నేను ఎత్తాను. సేలా కూడా ఎత్తేసింది, ఆ అమ్మాయి నవ్వి, నీకక్కర్లేదు తల్లీ అంది.

ఫేలెటిని అడిగింది, ఆస్ట్రేలియాలో ఏం పని చేశావని. చెప్పాడు. పిల్లల్ని పేర్లడిగింది. చెప్పారు. తర్వాత నా వైపు తిరిగి, "మీకు ఇద్దరు పిల్లలు, అవునా?" అంది.

అవునంటే చాలు. ఆమే సగం చెప్పేసింది. నేను తలూపితే చాలు.

"ముగ్గురు" అన్నాను.

ఫేలెటి నా వైపు తిరగలేదు. ఆ అమ్మాయి కాయితం చూసి, మళ్లీ మెల్లగా అడిగింది. "నా ప్రశ్న మీకు అర్థమయిందా? ఇక్కడ ఇద్దరే ఉన్నారు. కావాలంటే నిదానంగా ఆలోచించుకుని చెప్పండి." మంచి పిల్ల. తప్పించుకోమన్నట్టు తలుపు తీసి పట్టుకుంది నా కోసం. నేను వెళ్లలేదు.

"ముగ్గురండీ. పెద్దది మా ఆడపడుచు దగ్గర పెరుగుతోంది."

"పేరు?"

"లోసలీన్."

"పుట్టిన తేదీ?"

ఈ పద్నాలుగేళ్లలో లోసా పుట్టిన తేదీ నన్ను ఎవరూ అడగలేదు. వదినని అడుగుతారు. చెప్పాను. తేదీ చెప్పాను, తెల్లవారుజామున నాలుగయిందని చెప్పాను, వాన పడుతోందని చెప్పాను. వాన సంగతి ఎవరడిగారు? ఆ అమ్మాయి టైపు చేస్తోంది, నేను చెబుతూనే ఉన్నాను. ఫేలెటి నా మోచెయ్యి పట్టుకున్నాక ఆపాను.

మొదటి ఫారంలో ఆ పేరు లేదు కాబట్టి వీసా ఇవ్వడానికి వీల్లేదని ఆమె వివరంగా, నెమ్మదిగా చెప్పింది. కాయితం ఇచ్చింది. ఆమె తప్పేమీ లేదు. రూలు అది.

బయటికొచ్చాక ఫేలెటి పిల్లలకి ఐస్‌క్రీములు కొన్నాడు. లూపే తినలేదు, దానికి పన్నెండేళ్లు, అర్థమయింది. ఎయిర్‌పోర్టులో ఆయన నాతో ఒకే మాట అన్నాడు. "ప్రమాణం కదా."

"అవును, ప్రమాణం" అన్నాను.

మార్చి 3

ఊళ్లో అందరికీ ఫేలెటి తన బీపీ వల్ల వీసా రాలేదని చెప్పాడు. ఆయనకి బీపీ లేదు. రెండు రోజులు నిలిచింది ఆ కథ. తర్వాత సేలా ఎవరికో చెప్పేసింది. దాన్నేమనను?

మార్చి 9

ఫేలెటి వ్యాను ఎక్కాడు. మళ్లీ నారింజలు. ఎక్కుతూ నా తల మీద చెయ్యి వేశాడు, తిట్టి ఉంటే బాగుండేది.

మార్చి 10

ప్రమాణం వల్ల కాదు.

మార్చి 24

వదిన చర్చిలో నన్ను చూసి ముఖం తిప్పుకుంది. లోసాని పక్కన కాకుండా అవతల కూర్చోబెట్టింది. నెల రోజులుగా లోసా మా ఇంటికి రాలేదు. అంతకుముందు రోజూ వచ్చేది, ఏదో ఒకటి అరువడగడానికి, ఏదో ఒకటి వాగడానికి. ఇప్పుడు దూరం నుంచి దాని నవ్వు వినిపిస్తే చేస్తున్న పని ఆపి వింటున్నాను.

ఇద్దరన్నాను అనుకుందాం. అమెరికాలో ఉండేదాన్ని. అప్పుడూ దాని నవ్వు వినిపించేది కాదుగా. అయితే ఏం పోగొట్టుకున్నాను? ఫేలెటి పోగొట్టుకున్నాడు. లూపే, సేలా పోగొట్టుకున్నారు. వాళ్ల ముగ్గురి ఇల్లు నేను ఒక్క మాటతో పడగొట్టాను, ఆ మాట అనాలని నాకుంది కనక. అక్టోబరు నుంచీ ఉంది. పద్నాలుగేళ్లనుంచీ ఉంది. ఒక్కసారి, ఎవరైనా రాసుకుంటుండగా, పైకి అనాలని.

ఇదే నిజం.

ఏప్రిల్ 6

వదిన వచ్చింది. తనే నడిచి వచ్చింది. నేను చాప మీద నుంచి లేవబోతే కూర్చోమంది. తను నిలబడే ఉంది.

"నా పిల్లని వాళ్ల కాయితాల్లో నీ పిల్లగా రాయించావట."

"రాయించాను వదినా."

"ఎందుకు?"

"అడిగారు."

"నేను వచ్చినప్పుడూ ఇలాగే. చాప పరిచాను, ఇచ్చేశావు. వాళ్లు అడిగారు, ఇచ్చేశావు. ఎవరు అడిగితే వాళ్లకి ఇచ్చేస్తావా? నీకంటూ ఒక మాట లేదా?"

నాకు ఒళ్లు మండింది. జీవితంలో మొదటిసారి ఆమెకి ఎదురు చెప్పాను. "మీరడగలేదు వదినా. మీరు పరిచారు. అడిగి ఉంటే ఏమనేదాన్నో నాకే తెలీదు. వాళ్లు అడిగారు. అందుకని చెప్పాను."

ఆమె ముఖం తెల్లబోయింది. నేను క్షమించమని కాళ్ల మీద పడాల్సింది. పడలేదు. ఆమె గుమ్మం దాకా వెళ్లి ఆగింది. "అడిగితే నువ్వు కాదంటావని భయపడ్డాను" అంది. వెళ్లిపోయింది.

ఏప్రిల్ 7

ఆమె భయపడిందట. ఆమె.

జూన్ 14

లోసా వచ్చింది. చెప్పాపెట్టకుండా, బడినుంచి నేరుగా. నేను మొగలాకులు ఉడకబెడుతున్నాను. నా ఎదురుగా కూర్చుని పొయ్యిలో పుల్ల కెలుకుతూ, "అత్తయ్యా, నా వల్లే మీరు పోలేదట. బళ్లో అందరూ నన్నే అంటున్నారు" అంది.

"నీ వల్ల కాదు. నా నోటి వల్ల."

"నన్నడిగి ఉంటే ఇద్దరే చెప్పమనేదాన్ని."

"అందుకే అడగలేదు."

"నాకు అమ్మ ఉంది." కళ్లలో నీళ్లు తిరిగాయి, కోపంతో. "నన్ను లెక్కలో వెయ్యమని నీకెవరు చెప్పారు? మీరిద్దరూ నన్ను చాపలాగా ఇచ్చిపుచ్చుకుంటారేం?"

అది అన్నదాంట్లో తప్పేముంది? "క్షమించు" అన్నాను. పెద్దవాళ్లు పిల్లల్ని క్షమాపణ అడగరు మా దగ్గర, అది బిత్తరపోయింది. నేను కుండలో ఆకులు తిప్పాను.

వెళ్లబోతూ, "మరి మొదట్లోనే నా పేరు రాసి ఉంటే?" అంది.

"రాసి ఉంటే ఏమిటి?"

"నాక్కూడా వీసా వచ్చేదా?"

ఆ సంగతి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఒట్టు, ఒక్కసారి కూడా. ఇప్పుడు రాస్తే వీసా పోతుందనే అనుకున్నాను గానీ, అప్పుడే రాసి ఉంటే దానికీ వస్తుందని అనుకోలేదు.

"వచ్చేది" అన్నాను.

బ్యాగు భుజాన వేసుకుని పరిగెత్తింది.

జూన్ 16

వదిన ఇంట్లోంచి ఏడుపు వినిపించిందని ఫతాయి చెప్పింది. లోసాదా, వదినదా అని అడిగాను. ఇద్దరిదీ అంది.

ఆగస్టు 25

ఫేలెటి ఫోనులో అన్నాడు. అక్టోబరులో లాటరీ మళ్లీ తెరుస్తారు, వేద్దామా అని. ఏమని వెయ్యను? ఇద్దరని వేస్తే మళ్లీ అదే గోతిలో పడతాం. ముగ్గురని వెయ్యాలంటే వదిన ఒప్పుకోవాలి. ఆయన అడగలేడు, నేను అడగను. ఒకసారి చాలు.

"అయితే వద్దులే" అన్నాడు. "లోసాని నేనూ లెక్కపెడతాను కలో. ప్రతిసారీ. పైకి అననంతే." పక్కన ఎవరూ లేరు కాబోలు.

అక్టోబరు 3

వదిన వచ్చింది. ఈసారి కూర్చుంది. లోసా ఆమె వెనక నిలబడింది, తల దించుకుని.

"లాటరీ తెరిచారట" అంది వదిన.

"తెరిచారు. మేం వెయ్యట్లేదండీ."

"వెయ్యండి. ముగ్గురని వెయ్యి."

నేను ఆమె ముఖంలోకి చూశాను. చూడకూడదు, అయినా చూశాను. ఏడ్చి ఏడ్చి అయిపోయినట్టుంది, కొత్తగా ఏమీ లేదు అందులో.

"వదినా, తగిలితే అది మాతో వచ్చేస్తుంది. తెలుసా మీకు?"

"నాకు చదవడం వచ్చు. హెనెలీ దగ్గరికెళ్లి అంతా చదివించుకుని వచ్చాను. అయిదోసారి చదవమంటే వాడు పారిపోయాడు." నవ్వబోయి ఆపేసింది. "పిల్ల అడిగింది కలో. నాలుగు నెలలు ఏమీ చెప్పకుండా నెట్టుకొచ్చాను. రోజూ అడగదు, అదే బాధ. ఒక్కసారే అడిగి ఊరుకుంది. నీ పోలికే."

లోసా అప్పుడు తలెత్తింది. "అమ్మా, నేను వెళ్లిపోతానని కాదే. నా పేరు ఉండాలని, అంతే. తగలదులే, రెండుసార్లు ఎవరికి తగులుతుంది?"

"తగిలితే?" అంది వదిన.

లోసా మళ్లీ తల దించుకుంది.

"చూశావా, జవాబు లేదు దాని దగ్గర" అంది వదిన నాతో. "ఉండకపోతేనే మంచిది. రాయి."

అక్టోబరు 5, శనివారం

ఈ ఫారానికి అందరి ఫోటోలూ కొత్తవి కావాలి. ఫేలెటి తనది అక్కడే తీయించుకుని పంపాడు, ఒకవైపు కాలర్ పైకి లేచి ఉంది, పోనీ. నాదీ, లూపేదీ, సేలాదీ హెనెలీ నిన్న తీశాడు. లోసాది ఈ రోజు. షాపులో గోడ ఆకుపచ్చ, పనికిరాదన్నాడు. వెనక అంతా తెల్లగా ఉండాలట, నీడ పడకూడదట, ఇంకెవరూ కనిపించకూడదట.

వదిన తన తెల్ల దుప్పటి తెచ్చింది. ఇస్త్రీ చేసి తెచ్చింది. లోసా జుట్టు తనే దువ్వింది, రెండుసార్లు విప్పి మళ్లీ దువ్వింది, పిల్ల "అబ్బా, అమ్మా" అంటున్నా వినలేదు. హెనెలీ షాపు బయట ఎండలో లోసాని నిలబెట్టి, వెనక దుప్పటి పట్టుకోమన్నాడు. ఒక కొస నేను పట్టుకున్నాను, ఒక కొస వదిన పట్టుకుంది. మా ఇద్దరి మధ్యా పిల్ల. నవ్వకు, నేరుగా చూడు, గడ్డం పైకి, అన్నాడు.

తర్వాత ఫోను కిందకి దించి, "చేతులు పడుతున్నాయక్కా. ఇద్దరూ కొంచెం అవతలికి జరపండి" అన్నాడు.

నేను వెంటనే జరిపాను. వదినకి కొంచెం సేపు పట్టింది.